నాన్న బజారుకెళ్లాడు

ఆ పిల్ల పేరు రాయను. రాస్తే ఎక్కడో ఉండి చదివి సంబరపడుతుంది, ఆమెను సంబరపెట్టడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా క్వార్టరుని ఆనుకుని ఉన్న క్వార్టరు వాళ్లది. మధ్యలో ఒక్క గోడ. వాళ్లు పోపు వేస్తే మాకు తుమ్ములొచ్చేవి. ఇద్దరం ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. పక్కింటి పిల్ల అని రాస్తే చాలు. ఎవరి గురించో నాకు తెలుసు, చదివితే ఆమెకీ తెలుస్తుంది.

మాది టాటానగర్ స్టేషనుకి దగ్గర్లో, మనవాళ్లంతా కలిసి పెట్టుకున్న చిన్న తెలుగు బడి. రేకుల కప్పు, ముందు పొడుగాటి వరండా, వరండాకి సున్నం కొట్టిన స్తంభాలు. పిల్లల్లో సగం మంది రైల్వేవాళ్ల పిల్లలు. మిగిలినవాళ్ల నాన్నలు ఉక్కు కంపెనీలోనో, కాంట్రాక్టర్ల దగ్గరో పనిచేసేవారు. దాదాపు అందరివీ శ్రీకాకుళం వైపు ఊళ్లే. బడి బయట హిందీ, లోపల తెలుగు, ఆటల్లో రెండూ. డెబ్బైల చివరి సంగతి ఇది.

ఆ బడిలో చెప్పకుండా మానేవాళ్ల కోసం ఒక రూలుండేది. అంతకుముందు మానిన మర్నాడు లీవు చీటీ తెచ్చి ఇస్తే సరిపోయేదట. కొన్నాళ్లకి అందరి జ్వరాలూ ఒకే చేతిరాతలో రావడం మొదలైంది. ఏడో క్లాసు కుర్రాడొకడు చింతపండు ఉండలు తీసుకుని అందరికీ చీటీలు రాసిపెడుతున్నాడని తేలింది. చీటీలు చెల్లవు, మనిషి రావాలన్నారు హెడ్మాస్టరు గారు. అమ్మలు రావడం మొదలుపెట్టారు. ఏ అమ్మ వచ్చినా జ్వరమనే చెప్పేది, కొంగుతో కళ్లు కూడా ఒత్తుకునేది. దాంతో ఆయనకి విసుగొచ్చి, ఇక అమ్మలు వద్దు, నాన్నలే రావాలన్నారు. చెప్పకుండా మానిన పిల్ల మర్నాడు వరండాలో మొదటి స్తంభం దగ్గర నిలబడాలి. వాళ్ల నాన్న వచ్చి, ఎందుకు మానిందో ఆయన నోటితో చెప్పాలి. అప్పుడే లోపలికి రానిస్తారు. పిల్లల వీపులు రాసుకుని రాసుకుని ఆ స్తంభానికి మా ఎత్తు మేరా సున్నం ఊడిపోయి ఉండేది.

పక్కింటి పిల్ల బడి మానడానికి పెద్ద కారణాలు వెతుక్కునేది కాదు. బిర్సానగర్‌లో వాళ్ల మేనమామ ఇల్లుంది. ఆదివారం అక్కడికి వెళితే సోమవారం కూడా ఉండిపోయేది. వాన పడితే మానేది. వాన వెలిసి ఎండ కాస్తే, తలంటుకుంటే జుట్టు ఆరలేదని మానేది. ఒకసారి ఇంట్లో పనసకాయ కోశారని, చేతులకి జిగురు వదల్లేదని మానింది. మర్నాడు వచ్చి స్తంభం దగ్గర నిలబడేది. శిక్షకి నిలబడ్డ పిల్లలా ఉండేది కాదు, విడిదింట్లో తోడపెళ్లికూతురిలా ఉండేది. వచ్చేపోయేవాళ్లని పలకరించేది. గోళ్లు చూసుకునేది.

ప్రార్థన అయిన కాసేపటికి వాళ్ల నాన్న సైకిలు చప్పుడయ్యేది. ఆయన స్టేషనులో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఉద్యోగం. నేను చిన్నాన్న అని పిలిచేదాన్ని. ఇస్త్రీ చొక్కా, పాపిడి తీసి దువ్విన తల, జేబులో వేయించిన వేరుశనగకాయలు. ఆయన వస్తే హెడ్మాస్టరు గారు వరండాలో కుర్చీ వేయించేవారు. చిన్నాన్న అందులో వెనక్కి వాలి కూర్చుని, ఆడపిల్ల కదండీ, మన దగ్గరున్న నాలుగు రోజులే కదండీ దాని సుఖం, అంటూ మొదలుపెట్టేవాడు. హెడ్మాస్టరు గారు కోపంగా మొదలుపెట్టి నవ్వుతూ ముగించేవారు. ఆ మాటలు క్లాసంతా వినేది. పాఠం చెబుతున్న టీచరమ్మ కూడా వినేది.

ఆ తర్వాత జరిగేదే నాకు అసలు బాధ. చిన్నాన్న కుర్చీలోంచి లేచి కూతురి దోసిట్లో వేరుశనగకాయలు పోసేవాడు. దాన్ని అటు తిప్పి, జడ చివర ఎర్ర రిబ్బను విప్పి, రెండు చెవులూ సమానంగా వచ్చేలా మళ్లీ కట్టేవాడు. రిబ్బను బాగానే ఉన్నా సరే కట్టేవాడు. తల మీద ఓసారి చెయ్యి వేసి సైకిలెక్కేవాడు. కిటికీ పక్కన కూర్చుని నేను ఇదంతా చూసేదాన్ని. అసూయ అని పెద్దమాట ఎందుకు, కుళ్లు. ఆ పిల్ల లోపలికొచ్చి నా పక్కన కూర్చుని, ఇంద, అని రెండు వేరుశనగకాయలు పెడితే తీసుకునేదాన్ని. తినేదాన్ని కూడా. తింటున్నంతసేపూ మండేది.

నేను ఒక్కనాడూ బడి మానలేదు. జ్వరమొచ్చినా వెళ్లేదాన్ని. నా పేరు పిలిస్తే హాజర్ సార్ అనేదాన్ని, హాజరు తీసుకునే హెడ్మాస్టరు గారు తల ఎత్తకుండానే టిక్కు పెట్టుకునేవారు. రోజూ వచ్చే పిల్లని ఎవరు తలెత్తి చూస్తారు? నా బుద్ధిమంతురాలితనం చూసి అమ్మ నలుగురిలో చెప్పుకునేది. అది బుద్ధి కాదు, భయం. నేను మానితే స్తంభం దగ్గర సాయంత్రం దాకా నిలబడాల్సి వస్తుందని, మా నాన్న రాడని నాకు తెలుసు.

నాన్న ఫైర్‌మన్. గూడ్సు బళ్ల బొగ్గింజన్ల మీద పని. చక్రధర్‌పూర్, రూర్కెలా, ఆద్రా, ఎటు పంపితే అటు. వెళ్లేటప్పుడు ఒక రేకు పెట్టె మోసుకెళ్లేవాడు. అందులో బియ్యం, పప్పు, చిన్న గిన్నె, ఒక జత బట్టలు, ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా ఉండేవి. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వస్తే స్నానం, అన్నం, నిద్ర. నాన్న పడుకుంటే మా ఇంట్లో మాటలుండేవి కావు. అమ్మ చేతులతో సైగలు చేసేది. గిన్నె మీద మూత పెట్టాలంటే మధ్యలో గుడ్డ వేసి పెట్టేది. నేను పాఠాలు పెదాలతో మాత్రమే చదువుకునేదాన్ని. ఇంటి వెనక యార్డులో రాత్రింబవళ్లు వ్యాగన్లు గుద్దుకుంటూనే ఉండేవి. వాటికి లేవని మనిషి గిన్నె చప్పుడుకి ఎందుకు లేస్తాడో నాకు అర్థమయ్యేది కాదు. లేచేవాడు.

అమ్మకి అన్నిటికన్నా పెద్ద శత్రువు కాల్ బాయ్. పేరుకి బాయ్ గానీ తల నెరిసిన మనిషి. ఖాకీ చొక్కా వేసుకుని, చంకలో పుస్తకం పెట్టుకుని లోకో షెడ్డు నుంచి వచ్చేవాడు. ఫలానా బండికి ఫలానా వేళకి రావాలని తలుపు తట్టి చెప్పి సంతకం పెట్టించుకోవడం అతని పని. మనుషులు తక్కువైనప్పుడు, నాన్న పడుకుని గంటయినా కాకముందే వచ్చేసేవాడు. ఇంజను మీద బొగ్గు వేసే మనిషి తూలితే ఇటు మంట, అటు పట్టాలు, అనేది అమ్మ. అందుకని ఆమె ఒక మాట తయారు చేసి పెట్టుకుంది. తలుపు తీయదు. కిటికీ కర్టెన్ వెనక నుంచే హిందీలో, బజారుకెళ్లారు, ఎప్పుడొస్తారో తెలియదు, అంటుంది. నాకూ ఆ మాట నేర్పింది. కాలనీలో ఇంజను మీద పనిచేసేవాళ్ల ఇళ్లలో పిల్లలకి ఇంకేదీ రాకపోయినా ఈ హిందీ ముక్క మాత్రం వచ్చేది. కాల్ బాయ్ కూడా నమ్మినట్టే కాసేపు అటూ ఇటూ తిరిగి మళ్లీ వచ్చేవాడు. ఆ కాసేపు నిద్రే అమ్మకి లాభం.

ఐదో క్లాసులో ఉండగా, వర్షాలు వెనకబట్టిన రోజుల్లో, నాకు ఓపిక నశించింది. పక్కింటి పిల్లకి ఆ వారం వాళ్ల నాన్న కొత్త రిబ్బను కూడా తెచ్చి అందరి ముందూ కట్టాడు. మెరిసే రిబ్బను. నేను బడి మానాలని ఆ క్షణమే అనుకున్నాను. నేను మానితే నాన్నని పిలుస్తారు. పిలిస్తే వస్తాడో రాడో తేలిపోతుంది. వస్తే కుర్చీలో కూర్చుంటాడు, నా గురించి మాట్లాడతాడు, నా జడ చూస్తాడు. నాకు ఇంకేం అక్కర్లేదు.

నాన్న లైను మీద ఉన్నప్పుడు మానితే లాభం లేదు. రోజు చూసుకుని మానాలి. అమ్మ రాత్రి చింతపండు నానబెట్టి, చేపలు తెప్పించి ఉప్పూ కారం రాసి ఉంచిందంటే, తెల్లారేసరికి నాన్న దిగుతాడని కబురు అందిందన్నమాట. ఒక పొద్దున అమ్మ చేపలు తెమ్మని ఎవరికో చెబుతుంటే విన్నాను, అంటే మర్నాటికి నాన్న ఇంట్లో ఉంటాడు. ఆ రోజే సంచీ తగిలించుకుని, బడి వైపు తిరగకుండా స్టేషను వంతెన మెట్ల మీదికి పోయి కూర్చున్నాను.

బడి ఎగ్గొట్టడంలో సుఖం ఉంటుందని ఎవరు చెప్పారో వాళ్లు ఎప్పుడూ ఎగ్గొట్టి ఉండరు. తెచ్చుకున్న పెరుగన్నం తొందరగా తినేశాను. కింద నుంచి ఇంజను పోయినప్పుడల్లా మసి వచ్చి తెల్ల చొక్కా మీద పడింది. తెలిసినవాళ్లు కనిపిస్తే అటు తిరిగి కూర్చున్నాను. పక్కింటి పిల్ల ఇలాంటి రోజుల్ని అన్నిసార్లు ఎలా భరించిందో అనుకున్నాను. ఆ పిల్ల మెట్ల మీద కూర్చునేది కాదని, మేనమామ ఇంట్లో బూరెలు తినేదని గుర్తొచ్చి ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు నేను లేచేసరికి గుమ్మం దగ్గర నాన్న బూట్లున్నాయి. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అమ్మ నాకు సైగలతోనే జడ వేసింది. వీధి మలుపు తిరిగాక ఒక జడ రిబ్బను సగం విప్పి వదిలేశాను. నాన్న కట్టడానికి పని ఉండాలి కదా.

బడికి వెళ్లగానే ఎవరూ చెప్పకముందే పోయి స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాను. అప్పటికే అక్కడ పక్కింటి పిల్ల ఉంది. ముందురోజు ఆమె కూడా రాలేదు. నన్ను చూసి మొహం చిట్లించింది.

“నువ్వెందుకే ఇక్కడ? పో, ఆ పక్క స్తంభం కాడ నించో” అంది.

స్తంభం కూడా ఆమెదే అయిపోయింది. నేను కదల్లేదు. టీచరమ్మ వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. జ్వరం వచ్చిందా అని అడిగింది. పాపం, దారి ఆమే చూపించింది. ఊఁ అంటే లోపలికి రానిచ్చేసేది. రాలేదు టీచర్, అన్నాను. ఊరెళ్లారా అంది. లేదన్నాను. మరెందుకు మానావంటే, మా నాన్న వచ్చి చెప్తారన్నాను. టీచరమ్మ నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్లి హెడ్మాస్టరు గారిని తీసుకొచ్చింది. ఎప్పుడూ మానని పిల్ల మానింది, చొక్కా నిండా నిన్నటి మసి ఉంది, కారణం చెప్పదు. ఆయన కంగారుపడ్డారు. నాన్న ఎక్కడున్నాడని అడిగితే ఇంట్లోనే ఉన్నాడని చెప్పాను. ఆయన వెంటనే ప్యూనుని మా ఇంటికి పంపారు.

ఆ ప్యూను బడికి కొత్త. చాయ్‌బాసా వైపు మనిషి, తెలుగు రాదు. సైకిలెక్కి వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా నేను గేటు వైపే చూశాను. ఒంటరిగా వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, చంకలో నోటీసు పుస్తకం సర్దుకుని, హెడ్మాస్టరు గారితో చెప్పాడు.

“బాజార్ గయా హై. కబ్ ఆయేగా, మాలూమ్ నహీ.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నాకు కంఠతా వచ్చు. కాల్ బాయ్‌ని తిప్పి పంపడానికి మేం దాచుకున్న మాట అది. నాన్న ఇంట్లోనే ఉన్నాడు, బూట్లు నేను చూశాను. బడి వాళ్లు నా కోసం పిలిస్తే, రైలుకి చెప్పే అబద్ధమే నాకూ చెప్పి పంపారు. నాన్న లేచి విని, లేనని చెప్పు, అనుంటాడనుకున్నాను. గోడవైపు తిరిగి మళ్లీ పడుకుని ఉంటాడనుకున్నాను. పక్కింటి పిల్ల ముందు ఏడవదలచుకోలేదు. ఆమె నా వంక చూసి, నిజంగానే జాలిగా, మా నాన్న ఇప్పుడొచ్చేత్తాడు, అంది. ఆ జాలికి ఆమెని గిల్లాలనిపించింది.

అన్నట్టే చిన్నాన్న వచ్చాడు. కుర్చీ వేశారు. నవ్వులయ్యాయి. లేచి వచ్చి కూతురికి వేరుశనగకాయలు పోశాడు, మెరిసే రిబ్బను విప్పి మళ్లీ కట్టాడు. అప్పుడు నన్ను చూశాడు. హెడ్మాస్టరు గారు నా సంగతి చెప్పారు. చిన్నాన్న నా తల మీద చెయ్యి వేసి, ఈ పిల్లకీ నాదే పూచీ సారూ, మాకూ వాళ్లకీ ఒక గోడే కదా అడ్డం, అన్నాడు. హెడ్మాస్టరు గారు కూడా తల ఊపారు. నా కోసం అంతా సర్దేసుకుంటున్నారు. చిన్నాన్న నా చేతిలో కూడా వేరుశనగకాయలు పోసి, ఊడిన నా రిబ్బను వైపు చెయ్యి చాపాడు.

నేను వెనక్కి జరిగాను. కాయలు కింద పడ్డాయి.

“మా నాన్నే రావాల” అన్నాను.

చాలా గట్టిగానే అన్నట్టున్నాను, లోపల పాఠం ఆగిపోయింది. చిన్నాన్న నొచ్చుకోలేదు. వంగి, మీ నాన్న ఎక్కడున్నాడే, అని మెల్లగా అడిగాడు. ఇంట్లోనే పడుకున్నాడని, ప్యూను వెళితే బజారుకెళ్లాడన్నారని చెప్పాను. ఆయన ప్యూను ఖాకీ చొక్కాని, చంకలో ఉన్న పుస్తకాన్ని ఓసారి చూశాడు. ఇంటి దగ్గర ఏమని పిలిచావని హిందీలో అడిగాడు. ఫైర్‌మన్ సాహబ్‌ని పిలుస్తున్నారు, తొందరగా పంపండి, అన్నానని చెప్పాడతను. చిన్నాన్న నుదురు కొట్టుకుని, నవ్వాపుకుంటూ హెడ్మాస్టరు గారి చెవిలో ఏదో చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి గేటులోంచి ఆ సైకిలే వచ్చింది. వెనక క్యారియర్ మీద మా నాన్న కూర్చుని ఉన్నాడు. నీలం డ్యూటీ బట్టలు వేసుకున్నాడు. బూట్ల తాళ్లు కట్టుకోలేదు. ఒళ్లో రేకు పెట్టెని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. చేతి దీపం మోచేతికి వేలాడుతోంది. కళ్లు ఎర్రగా, చుట్టూ కడిగినా పోని మసి. సైకిలు ఆగగానే దిగి, పెట్టె పట్టుకుని, ఇంజను ఎక్కడుందన్నట్టు అటూ ఇటూ చూశాడు.

లోపల పిల్లలు నవ్వారు. చిన్నాన్న హెడ్మాస్టరు గారికి చెబుతుంటే నాకూ అర్థమైంది. కర్టెన్ సందులోంచి ఖాకీ, పుస్తకం కనిపించేసరికి, పిలుస్తున్నారనే మాట వినబడేసరికి అమ్మ కాల్ బాయ్ అనుకుంది. అలవాటు మాట అలవాటుగా వచ్చేసింది. నాన్నకి ఏదీ తెలియదు. చిన్నాన్న కిటికీ దగ్గర నిలబడి, వదినా, కాల్ కాదు, బడి, అని చెబితే గానీ అమ్మ తలుపు తీయలేదు. నాన్నని లేపి, పిల్ల బడికి రమ్మంటున్నారని అమ్మ చెప్పినా, రమ్మంటున్నారు అన్న ఒక్క ముక్క చాలింది ఆయనకి. చెవి వినేలోపే చెయ్యి పెట్టె మీదికి పోయింది. బడికి పెట్టెందుకని చిన్నాన్న దారిలో రెండుసార్లు చెప్పాడట. నాన్న తల ఊపి దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడట.

హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించారు. చిన్నాన్న కూర్చునే కుర్చీయే. నాన్న దాని అంచు మీద కూర్చుని, పెట్టెని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. నిన్న మీ అమ్మాయి బడికి ఎందుకు రాలేదని ఆయన మర్యాదగానే అడిగారు. నాన్న నా వైపు చూశాడు. నేను బడి మానానన్నది ఆయనకి అప్పుడే తెలిసింది. ఏదో ఒక కథ చెప్పాలని ఆయనకి తోచలేదు.

“నాకు తెల్దు బాబూ” అన్నాడు. “నాను లైను మీద ఉన్నాను. గుంట మంచిదేనండి. తప్పేటైనా ఉంటే నా మీద రాసీయండి.”

రైల్వేలో తప్పు ఎవరో ఒకరి మీద రాస్తారు, అది ఆయనకి తెలుసు. హెడ్మాస్టరు గారు రాయడానికేమీ లేదన్నారు. పిల్లలు రోజూ బడికి రావడం ఎందుకు అవసరమో, ఒక్కరోజు పోతే ఎంత నష్టమో, తన అలవాటు ప్రకారం మొదటి నుంచీ చెప్పసాగారు. నాన్న ప్రతి మాటకీ తల ఊపాడు. ఆ ఊపు నెమ్మదిగా కిందికి దిగింది. హెడ్మాస్టరు గారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. నాన్న నిద్రపోయాడు.

లోపల మళ్లీ నవ్వు లేవబోయింది. నేను ఆలోచించలేదు. గుమ్మంలోకి పోయి, ఇంట్లో చేసినట్టే వేలు పెదాల మీద పెట్టి అందర్నీ చూశాను. నా మొహం ఎలా ఉందో గానీ నవ్వు ఆగిపోయింది. హెడ్మాస్టరు గారు మునివేళ్ల మీద నడిచి తన గదిలోకి పోయారు. టీచరమ్మ సుద్దముక్క కీచుమనకుండా బోర్డు మీద ఏదో రాసి, చూసి రాసుకోండని సైగ చేసింది. చిన్నాన్న సైకిలుని చేత్తో ఎత్తి గేటు బయటికి తీసుకెళ్లి అక్కడ ఎక్కాడు. బడి మొత్తం మా ఇల్లయిపోయింది.

నన్ను ఎవరూ లోపలికి రమ్మనలేదు. నేను రేకు పెట్టె మీద కూర్చున్నాను. పక్కింటి పిల్ల నీళ్ల వంకతో బయటికొచ్చింది. ముందు పెట్టెని చూసింది, తర్వాత దీపాన్ని. వంగి బూట్లు చూసింది.

“దీన్లో ఏటుంటాది?” అని గొంతు తగ్గించి అడిగింది.

“చెప్పను.”

“ఓపాలి తీసి సూపించవా?”

“చూపించను.”

వెళ్లలేదు. అక్కడే నిలబడింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, కిటికీ దగ్గర కూర్చుని నేను చూసే చూపే. వాళ్ల నాన్న ఇన్నిసార్లు వచ్చాడు, ఒక్కసారీ పెట్టె, దీపం పట్టుకుని రాలేదు. ఆయన కోసం బడి ఎప్పుడూ ఊపిరి బిగబట్టలేదు. నేను పెట్టె మీద ఇంకాస్త వెడల్పుగా సర్దుకుని కూర్చున్నాను. అంత సుఖంగా నేను ఏ సింహాసనం మీదా కూర్చోను.

ఆ పిల్ల లోపలికి పోయాక నాన్నని చూడటానికి నాకు తీరిక దొరికింది. ఆయన మొహాన్ని అంత వెలుతురులో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మెడ ఒక పక్కకి ఒరిగి, జారి, ఉలిక్కిపడి, మళ్లీ ఒరుగుతోంది. కుర్చీలో ఆ నిద్ర ఏం నిద్ర? సాయంత్రానికి అసలు కాల్ బాయ్ వస్తాడు. అమ్మ బజారు మాట చెబుతుంది. అతను అటూ ఇటూ తిరిగి మళ్లీ వస్తాడు. ఇటు మంట, అటు పట్టాలు. పెట్టె మీద నుంచి లేచి, ఆయన మెడ జారకుండా నా భుజం ఆనించి నిలబడ్డాను. బరువుగా ఉంది. ఇంటర్వెల్ గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాను.

గంటకి నాన్న ఒక్కసారిగా లేచి పెట్టె అందుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. ఎక్కడున్నాడో గుర్తొచ్చినట్టుంది. నా జడ వైపు చూసి, ఊడిపోనాదేటి, అన్నాడు. దీపం కింద పెట్టి రిబ్బను చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకి చెవులు తీసి కట్టడం రాదు. పెట్టెకి తాడు బిగించినట్టు ముడి వేసి, దాని మీద ముడి వేసి, లాగి చూసుకుని, ఇంకో ముడి వేశాడు. నా జుట్టు పీకినట్టయింది. అమ్మ ఆ రాత్రి దాన్ని విప్పలేక కత్తెర తెచ్చింది.

గేటు దాకా వెంట వెళ్లాను. నాన్న ఆగి, పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కోప్పడలేదు. ఎందుకు మానావని అప్పుడు కూడా అడగలేదు. ఏ బండికి రావాలని కాల్ బాయ్‌ని అడిగే గొంతుతోనే అడిగాడు.

“రేపు కూడా రావాలేటి?”

రావాలి అంటే వచ్చేస్తాడు. అందులో అనుమానం లేదు. పెట్టె పట్టుకుని, ఆ కళ్లతోనే వచ్చి కుర్చీ అంచున కూర్చుంటాడు. నేను తెలుసుకోవాలనుకున్నది అదే, తెలిసింది.

“అక్కర్లేదు నాన్నా” అన్నాను. “ఎల్లి పడుకో.”

సరేనని వెళ్లిపోయాడు. నేను లోపలికెళ్లి కూర్చున్నాను. ఆ తర్వాత మళ్లీ బడి మానలేదు.

పక్కింటి పిల్ల మరుసటి వారమే మానింది. తలంటుకుందట. మర్నాడు సైకిలు వచ్చింది, కుర్చీ వేశారు, నవ్వుకున్నారు, రిబ్బను రెండు చెవులూ సమానంగా వచ్చేలా కట్టారు. నేను కిటికీ పక్క నుంచి చూశాను. నాకు మునుపటికన్నా ఎక్కువ మండింది. పిలిస్తే మా నాన్న కూడా వస్తాడు. వస్తాడు కాబట్టే నేను పిలవలేను. ఆ పిల్ల మాత్రం వాళ్ల నాన్నని రోజు విడిచి రోజు పిలిపించుకున్నా ఆయన రాత్రి హాయిగా నిద్రపోతాడు. అదీ నా ఏడుపు.